రెండు సాళ్ళు

“టేపు ఎవరికీ చుట్టం కాదు రత్నాబాయీ,” అంటూ మొగులయ్య గ్యాలరీ నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. “నీ నీళ్ళ డ్రమ్ము నాలుగు ఇంచులు అంజమ్మ దిక్కు పోయింది. ఎన్కకు జరుపు.”

“అరే బాబా, నాలుగు ఇంచులకు గింత గడ్‌బడా?” అని సణుగుతూనే రత్నాబాయి డ్రమ్ము జరిపింది. అంజమ్మ గెలిచినట్టు ముక్కు ఎగబీల్చింది.

బొంబాయి కామాటిపురలో, వరసగా ఒంటిగదులున్న ఆ చాల్‌లో మొగులయ్య మేస్త్రి మాటకు తిరుగులేదు. బట్టల తాడు కట్టాలన్నా, గోడకు మేకు కొట్టాలన్నా తగువొస్తే అందరూ ఆయన టేపు కోసమే వచ్చేవారు. కన్నతల్లి అడిగినా అరంగుళం వదలని మనిషని పేరు.

సుద్దముక్క జేబులో వేసుకుని తలెత్తిన మొగులయ్య మెట్ల దగ్గర నిలబడ్డ ఆడమనిషిని చూసి కొయ్యబారిపోయాడు. నెత్తిన మూట, కాళ్ళకు ఊరి ఎర్రమట్టి. పెంటమ్మ! పాలమూరు దిక్కు ఊళ్ళో ఆయన చేను పక్క చేను ఆమెది.

“మంచిగున్నవా అన్నా?”

“ఎప్పుడొచ్చినవ్ చెల్లె?”

“పొద్దుగాల బస్సు దిగిన. గ్రాంట్ రోడ్ కాడికెల్లి నిన్ను అడుగుకుంట వచ్చిన.”

ఆమెను తన ఒంటిగది ఖోలీలోకి తీసుకెళ్ళి స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. నీళ్ళిస్తే గ్లాసు చేతిలో పట్టుకుంది గాని ఒక్క గుక్కా తాగలేదు. ఆయన ముఖం వంకైనా చూడలేదు. దొంగ ఇంట్లో నీళ్ళు ముట్టనని వచ్చిందేమో అనుకున్నాడు మొగులయ్య.

పన్నెండేళ్ళుగా ఆయన భయపడ్డది ఈ రాకకే. పెంటమ్మ మొగుడు లచ్చయ్య చచ్చిపోయినప్పటి సంగతి. దినాలనాడు ఊరంతా ఆమె వాకిట్లో విస్తళ్ళ ముందు కూర్చుంటే, మొగులయ్యా కూర్చున్నాడు. కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, గడ్డపార తీసుకుని, ఎర్రటెండలో చేనికి పోయి, హద్దురాళ్ళు పెకలించి రెండు సాళ్ళు ఆమె చేనులోకి జరిపి పాతాడు. మొగుడు పోయిన మనిషికి సాళ్ళ లెక్క ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆ ఏడే చేను కౌలుకిచ్చి బొంబాయి వచ్చేశాడు. వచ్చాడేగాని ఆనాడు తిన్న అన్నం ఇంతవరకూ అరగలేదు. ఇక్కడ ఇంచులు కొలిచి న్యాయం చెప్పినప్పుడల్లా లోపల సిగ్గుతో చచ్చేవాడు.

“ఊర్ల సర్కారోళ్ళు మిషన్ పెట్టి చేన్లు కొలిచిన్రు అన్నా,” అంది పెంటమ్మ నేల చూపులు చూస్తూ.

“ఊఁ.”

“మన హద్దురాళ్ళ కాడ తేడా వచ్చింది.”

“ఎంత?” అడిగాడు.

“రెండు సాళ్ళు.”

మొగులయ్య మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు.

పెంటమ్మ మూట విప్పింది. నిండా పల్లికాయ. “హద్దు పొంటి పండినయ్. రెండు సాళ్ళంటె ఎంత పండుతదో నీకు తెల్వాలని తెచ్చిన.”

“గిట్ల సిగ్గు తియ్యకు చెల్లె.”

“ఇది ఒక్క ఏడుదే అన్నా. కడమ ఏండ్లయి యాడికెల్లి తేవాలె?”

ఒక్క ఏడుది ఇంత! ఒంటరి మనిషి నోటి దగ్గరి తిండి. మొగులయ్యకు ఆ మూట వంక చూడబుద్ధి కాలేదు.

గడప అవతల రత్నాబాయి, అంజమ్మ తగువు మరిచిపోయి భుజం భుజం రాసుకుని తొంగి చూస్తున్నారు. పెంటమ్మ గాభరాపడింది. “తలుపెయ్యరాదు అన్నా. పదిమంది వింటరు.”

తను ఇంత చేసినా ఆమె తన పరువు కాపాడాలని చూస్తోంది! చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. మొగులయ్య లేచి, జేబులోని టేపు తీసి రత్నాబాయి చేతిలో పెట్టాడు.

“ఎయ్యను. విననీ. రత్నాబాయీ, అంజమ్మా, మీరు గూడ ఇనున్రి. మీకు ఇంచులు కొలిచి నీతులు చెప్పినోణ్ణి నేను. ఈమె మొగని దినాలనాడు, ఈమె పెట్టిన బువ్వ తిని, పోయి హద్దురాళ్ళు జరిపిన. రెండు సాళ్ళు కాజేసిన. దొంగను నేనే!”

“అగ బాయీ!” అని రత్నాబాయి నోరు నొక్కుకుంది. అంజమ్మ కాళ్ళ దగ్గరి సుద్దగీత వంక చూసి తల దించుకుంది. కన్నతల్లికైనా అరంగుళం వదలడని తను నలుగురికీ గొప్పగా చెప్పుకునేది ఈయన గురించే.

మొగులయ్య వంగి పెంటమ్మ కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. గ్లాసులో నీళ్ళు ఒలికాయి.

“వద్దన్నా, నాకు మొక్కకు. నువ్వు రాళ్ళు జరిపినవని నాకు ఇప్పటిదాంక తెల్వనే తెల్వదు.”

“మరి... మిషన్‌ల తేలిన రెండు సాళ్ళు?”

పెంటమ్మ తనే వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. “అవి మా దిక్కు తేలిన నీ సాళ్ళన్నా,” అంటూ వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ముఖం ఇంకా నల్లబడింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పోయినవాడి మీద మాట అనలేక అంది.

“అయితె మా ఆయన రాళ్ళు నీ చేన్లకు జరిపింది రెండు గాదన్నా, నాలుగు సాళ్ళు.”