ఫ్లెక్సీ మీద దండ

"ఆ దండ తీయించరా దుర్గేష్. మీ అమ్మమ్మ చూస్తే ఊరుకోదు."

నిత్యానందం మాస్టారు అలా అనడం అది మూడోసారి.

కైకలూరులో సినిమా హాలు ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క హీరో. రెండో పక్క పాత ఫొటోలో సిపాయి ఏడుకొండలు. ఆ ఫొటో చుట్టూ అచ్చువేసిన బంతిపూల దండ.

రేపే 'ఆఖరి రేవు' విడుదల. డెబ్భై ఒకటి యుద్ధంలో, గాయపడ్డ జవాన్లను పడవలో నది దాటించిన కొల్లేటి కుర్రాడి కథ.

ఆ కుర్రాడి చెల్లెలే దుర్గేష్ అమ్మమ్మ, సుబ్బాయమ్మ.

"గల్లంతయ్యాడని టెలిగ్రాం వచ్చిందంతే. పోవడం చూసినవాడు వచ్చి చెబితేగానీ అన్నయ్య ఫొటోకి దండ వెయ్యనని యాభై ఏళ్ళ నుంచీ ఆవిడ పట్టు. మరి జెండా పట్టుకుని పోయాడని మీ సినిమావాళ్ళకెవరు చెప్పారు?"

"మూడేళ్ళు రీసెర్చ్ చేశారండి మాస్టారూ. మీరు హిస్టరీ చెప్పినవారు కాబట్టి ప్రతిదానికీ సాక్ష్యం కావాలంటారు. రేపు మీకు ఫ్రీ టికెట్ ఇస్తాను, నోరు మూసుకుని చూడండి!"

చుట్టూ ఉన్న అభిమానులు ఈలలు వేశారు. దుర్గేష్ ఫోనులో ట్రైలర్ పెట్టాడు. హీరో రెండు చేతులా తెడ్లు వేస్తున్నాడు. చుట్టూ బాంబులు.

"తెడ్డు కాదండి. వెదురు గెడ వేశాడు. వెనక నిలబడి."

అందరూ తిరిగి చూశారు. కాస్త కుంటుతూ వచ్చిన పెద్దాయన. చేతిలో గుడ్డసంచి.

"అదీ మాట! కొల్లేటివాడు పడవెక్కితే గెడే కదా పట్టేది," అన్నారు మాస్టారు.

దుర్గేష్‌కు ఒళ్ళు మండింది.

"ఏం తాతగారూ, మీరు ఆ పడవలో కూర్చుని చూశారా?"

"కూర్చోలేదండి. పడుకుని ఉన్నాను."

అందరూ గొల్లుమన్నారు.

ఆయన నవ్వలేదు. ఫొటో కింద అక్షరాల్ని కూడబలుక్కుని చదివాడు.

"ఏడుకొండలు... ఏడుకొండలన్నమాట పేరు."



"పేరే తెలీదు, పడవలో ఉన్నాడంట!" అన్నాడెవరో.

"తూటాలు పడుతుంటే పేర్లు అడుక్కోలేదండి. 'కదలకెహె, పడవ తిరగబడుద్ది' అని తెలుగులో తిట్టాడు. అలా తెలిసింది మనవాడని. ఊరు చెప్పలేదు. చెల్లెలు ఉందని మాత్రం చెప్పాడు. మొన్న టీవీలో ఈ ఫొటో చూశాను. ఆ చెల్లెలుగారి ఇల్లు చెబుతారా?"

"ఎందుకు?"

"ఒడ్డుకి చేరాక ఏం జరిగిందో ఆవిడకే చెప్పాలి."

దుర్గేష్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. సన్నటి మణికట్టుకు నీలం రంగు వలదారం. మూడు ముడులు.

"ఇదేంటి? ఇదీ యుద్ధంలోదేనా?"

"అదీ ఆవిడకే చెప్పాలండి."

"చూడండి తాతగారూ. ట్రైలర్ వచ్చాక ఇలా చూశామంటూ వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారు. మొన్న ఒకాయన మా అమ్మమ్మ చేతులు పట్టుకుని బావురుమన్నాడు. తీరా చూస్తే మిలటరీలో చేరనే లేదు. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మళ్ళీ నేను చూడలేను."

మాస్టారు ఏదో అనబోయారు. అభిమానులు అడ్డం వచ్చారు. ఎవడో సంచి లాక్కున్నాడు. ఇంకొకడు వీడియో తీస్తున్నాడు.

పెద్దాయన దుర్గేష్ ముఖంలోకే చూస్తున్నాడు.

"అన్నం ముట్టలేదా?"

"రెండు రోజులు."

ఆయన చెయ్యి చాచాడు. సంచి తీసుకున్నాడు. ఏలూరు బస్సు వచ్చి ఆగింది. దుర్గేష్ చెయ్యందించి ఎక్కించి, తనే టికెట్టు తీసి ఇచ్చాడు.

కిటికీలోంచి పెద్దాయన ఒక్క మాటే అన్నాడు.

"ఆవిణ్ణి వేళకి అన్నం తినమనండి."

మర్నాడు పొద్దున్నే డప్పులు. పాలబిందెలు. సుబ్బాయమ్మ ఆటో దిగి, కళ్ళజోడు సవరించుకుని ఫ్లెక్సీ కేసి చూసింది.

"దండ ఎవరు వెయ్యమన్నార్రా?"

డప్పులు ఆగాయి.

"చూసినవాడు వచ్చాడా?"

"వచ్చాడులే అమ్మమ్మా, నిన్న నాలుగోవాడు!" దుర్గేష్ నవ్వించబోయాడు. "ఏడుకొండలు తాతయ్య పేరే తెలీదు వాడికి. పైగా చేతికి వలదారమొకటి. బస్సెక్కించేశాను."

"ఏం రంగు?"

"నీలం."

"కొసలు?"

దుర్గేష్ గుర్తు చేసుకున్నాడు. "కాల్చి నొక్కినట్టున్నాయి. మూడు ముడులు. ఏం?"

సుబ్బాయమ్మ తన కుడి బొటనవేలు చూసుకుంది. కొనమీద చిన్న మచ్చ.

"నైలాను దారం అప్పుడే కొత్తగా వచ్చింది. అన్నయ్య చేతికి కట్టి, ముడి ఊడకూడదని కొసలు దీపం మీద కాల్చి, వేడి మీదే నొక్కాను. 'తిరిగొచ్చాక నేనే విప్పుతాను, ఈలోపు ఎవరికీ ఇవ్వకు' అన్నాను. 'ఇవ్వనే, ప్రాణం పోయేటప్పుడు తప్ప' అని నవ్వాడు."

దుర్గేష్ ఒక్క ఉదుటున రోడ్డు మీదకు పరిగెత్తాడు. అక్కడే ఆగిపోయాడు. ఏలూరు బస్సు వెళ్ళి పదిహేను గంటలైంది.

"పేరు కూడా అడగలేదురా మనం," అన్నారు మాస్టారు.

దుర్గేష్ వెనక్కి వచ్చాడు. ఎవరినీ చూడకుండా కత్తి తీసుకుని, ఫ్లెక్సీ తాళ్ళు కొయ్యడానికి వెదురు కర్ర ఎక్కబోయాడు.

సుబ్బాయమ్మ వాడి చొక్కా పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యరా ఆ దండ. చూసినవాడు వచ్చి వెళ్ళాడు."