పొగలేని పొగగొట్టం

పిల్ల దగ్గి ఉమ్మిన రుమాలు మడత విప్పాడు మెకానిక్. నల్లటి జీర.

"ఎన్నాళ్లనుంచి?"

"మొన్నటినుంచి. కంగారు పడతారని చెప్పలేదు," అంది భార్య. ఆమె ఒక చెయ్యి పిల్ల వీపు నిమురుతోంది. ఇంకో చేతి బొటనవేలు ఫోన్ మీద టకటకా ఆడుతూనే ఉంది. ఎవరికోసమో, ఏమిటో, ఇంట్లో కూర్చుని నొక్కే పని. ఎన్ని నొక్కితే అంత డబ్బు. పిల్ల మందులు దానిమీదే నడుస్తున్నాయి. మన ఇంటికి పెద్ద దిక్కు నీ బొటనవేలేనని ఆటపట్టించడమే తప్ప, ఏం నొక్కుతున్నావని అతను ఎన్నడూ అడగలేదు.

వీధి చివర సిమెంటు ఫ్యాక్టరీ పొగే కారణమని డాక్టరు ముందే చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే పీలిస్తే ఊపిరితిత్తులు దక్కవని కూడా అన్నాడు. మెకానిక్ రుమాలు జేబులో పెట్టుకుని కాలుష్యం ఆఫీసుకి వెళ్లాడు.

అధికారి రుమాలు ముట్టుకోలేదు. కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. తక్కువ పొగతో ఎక్కువ సరుకు తీసే ప్రాంతాల్లో మనదే మొదటి స్థానమట. పొగగొట్టం కొసకి ఎదురుగా కెమెరా ఉందట. పొగ మితిమీరితే బట్టీ దానంతటదే ఆగిపోతుందట. ఏడాదిగా ఒక్కసారీ ఆగలేదు.

తెరమీద గొట్టం కొస, దానిమీద వంగిపోయిన పిడుగు కడ్డీ, చుట్టూ బూడిదరంగు ఆకాశం.

"ఇది పొగ కాదా సార్?"

"మంచు. ఆ కెమెరా తీసే ఫొటోలు చూసేవాళ్లు అలా తేల్చారు."

"ఎవరు వాళ్లు?"

"పేర్లుండవయ్యా, నంబర్లే. ఎక్కడుంటారో మాకూ తెలీదు."

ఫ్యాక్టరీ వాళ్లు ఎవడికో బాగా తినిపించి ఉంటారనుకున్నాడు మెకానిక్. ఇంటికొచ్చి, జరిగిందంతా భార్యకి చెప్పి, వాడెవడో దొరికితే చేతులు విరగ్గొడతానన్నాడు.

పిల్ల మళ్లీ దగ్గింది. ఆమె బొటనవేలు ఆగిపోయింది.

"ఆ గొట్టం మీద కడ్డీ వంగి ఉందా?"

"ఉంది. అది కిందనుంచి కనపడదుగా, నీకెలా తెలుసు?"

ఆమె ఫోన్ నేలమీద బోర్లా పెట్టింది.

"పొగ అని నొక్కితే ఫోన్ ఇంకో నాలుగు ప్రశ్నలడుగుతుందని, అన్నీ మంచు అనే నొక్కానండీ."