ఒంటి తుమ్ము

యలమంద గుంటూరులోని పాత అమ్మవారి గుడికి చేరేసరికి మూసేవేళయింది. అద్దంకి దగ్గర కల్లంలో రోజంతా మిరపకాయలు బస్తాలకెత్తి, కండువా కూడా మార్చకుండా బస్సెక్కి వచ్చాడు.

పూజారిగారు గర్భగుడి కటకటాల తలుపుకు తాళం వేసి, "బయట్నుంచే దణ్ణం పెట్టుకోండి" అని లైట్లు ఆర్పడానికి వెళ్లారు.

"అమ్మా, రేపు బ్రాడీపేటలో మా ఆవిడకి కంటి ఆపరేషన్. చూపు నిలబెట్టు తల్లీ!" అంటూ యలమంద కండువా దులిపి నడుముకు కట్టుకున్నాడు. ఎర్రటి దుమ్ము లేచి కటకటాల్లోంచి లోపలికి పోయింది.

లోపల ఎవరో తుమ్మారు.

"చిరంజీవ!" అన్నాడు, మనవడితో అన్నట్టే. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. వీధిలో ఆటోల మోత కూడా ఆగిపోయినట్టనిపించింది.

పూజారిగారు తిరిగొచ్చారు. "తుమ్మింది మీరేనా?"

"కాదండీ. లోపలండీ."

ఆయన చేతిలోని తాళంచెవి చూసుకున్నారు. "లోపల అమ్మవారు తప్ప ఎవరూ లేరు. పదండి, పోదాం."

యలమంద కదల్లేదు. "పొద్దున్నే ఆపరేషన్ పెట్టుకుని ఒంటి తుమ్ముతో ఎట్టా పోతానండీ? రెండోది పడాల్సిందే."

కండువా విప్పి, కటకటాల ముందు గట్టిగా దులిపాడు. "ఇంకొక్కటి, తల్లీ!"

చీకట్లో ఎవరో ఊపిరి పైకి లాగారు.