వంటింటి ద్వారబంధం మీది గీతలు

“ఈ కొండచరియ ఏదో ఒక రోజు మంచంతో సహా నన్ను సముద్రంలో పడేస్తుంది, చూస్తూ ఉండండి,” అంది నోలీన్ టీ పోస్తూ.

“ముప్పై ఏళ్లుగా పడేస్తూనే ఉంది,” అన్నాడు కొడుకు డారిల్, స్కోన్ రొట్టెకి వెన్న రాస్తూ. “మంచం మాత్రం ఇక్కడే ఉంది.”

“నవ్వరా నవ్వు. రేపు ఈదుకుంటూ వచ్చి వెతుక్కుందువుగాని.”

ఎదురుగా కూర్చున్న అనహేరా నవ్వు ఆపుకుంది. ఆమె కౌన్సిల్ పంపిన భూగర్భ శాస్త్రవేత్త. చరియ ఎంత విరిగిందో పాత ఫోటోల్లోంచి కొలిచి, నోలీన్ ఆ ఇంట్లో ఉండొచ్చో లేదో తేల్చాలి.

ఫోటోలకి కరువు లేదు. ఇల్లు కొన్నప్పటి నుంచీ ఏటా క్రిస్మస్ మర్నాడు నోలీన్ కొడుకుని పెరట్లో బట్టలారేసే గుంజ పక్కన నిలబెట్టేది. వాడికి పెళ్లయ్యాక కూడా. వెనకాల చరియ అంచు. అది దగ్గరికొస్తోందేమోనని ఆమె భయం. ఒకటి పాడైపోతుందేమోనని అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి తీయించేది.

“రెండు వైపుల నుంచీ ఉండబట్టే పనికొచ్చాయి ఆంటీ,” అంది అనహేరా. “కానీ కొలతకి ఆధారం కావాలి. గుంజ ఎప్పుడో తీసేశారు. మిగిలింది డారిల్ ఒక్కడే. అతనెంత పొడుగో తెలిస్తే అంచెంత దూరమో తెలుస్తుంది.”

అదీ ఉంది. అదే రోజు వాడిని వంటింటి ద్వారబంధానికి ఆనించి, తల మీద పుస్తకం పెట్టి గీత గీసేది నోలీన్.

“ఈ ఎర్రగీత దాటితేనే వాళ్ల నాన్న పడవ ఎక్కాలన్నాను. ఏడేళ్ల వెధవ, మొదటిసారే దాటేశాడు. మర్నాడు వాళ్లు తిరిగొచ్చేదాకా ఒడ్డునే నిలబడ్డా. ఆ తర్వాత ఏడాదంతా వెంట్రుకవాసి పెరగలేదు. సముద్రపు గాలికి ఎదుగుదల ఆగిపోయిందని డాక్టరు దగ్గరికి పరిగెత్తా. రోజూ చేపనూనె పట్టించా.”

“ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది,” అన్నాడు డారిల్.

“గీతల్లో వేలి మందం తేడా వచ్చినా అంచు అడుగు జరుగుతుంది ఆంటీ.”

“తేడానా? నా చేత్తో గీశా.”

అనహేరా కంప్యూటర్ తనవైపు తిప్పుకుంది. కాసేపటికి ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“మిగతా ఏళ్లన్నీ చరియ కదల్లేదు. మొదటి ఏడాదిలో మాత్రం ఒక్కసారిగా మీటరున్నర పోయింది. మెల్లగా అరిగేదైతే ఉండమనేదాన్ని. ఇలా విరిగేది మళ్లీ విరుగుతుంది. ఇల్లు ఖాళీ చేయాలి ఆంటీ.”

నోలీన్ కప్పు కింద పెట్టింది. ముప్పై ఏళ్లుగా తనంటున్న మాటే. ఇంకొకరి నోట వినేసరికి కిటికీలోంచి వరండా వైపు చూసింది.

“నేనెక్కడికి పోనమ్మా? ఈ వరండా మా ఆయన కట్టాడు.”

“లెక్క రెండుసార్లు చూశాను.” అనహేరా మొదటి ఫోటో బల్ల మీద పెట్టింది. బోసినవ్వు, ఒట్టి కాళ్లు, వెనక సముద్రం. “గీత ప్రకారం ఎత్తు నూట ఇరవై నాలుగు సెంటీమీటర్లు. తప్పేం లేదు.”

ఆరడుగుల డారిల్, ఊళ్లో పెద్ద పడవ నడిపేవాడు, చేతిలో స్కోన్ అలాగే పట్టుకుని ద్వారబంధం వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వైనా ఏదో ఒకటి చెప్పరా,” అంది తల్లి.

పొయ్యి మీద కెటిల్ మరిగింది. ఈల వేసింది. డారిల్ లేచి దాన్ని దించాడు.

“అమ్మా,” అన్నాడు డారిల్ చివరికి, “ఆ మొదటి గీత గీసినప్పుడు నా మేజోళ్లలో, మడమల కింద, చెరో సగం బంగాళాదుంప ఉంది.”