మూడు నమూనాలు

రెండోసారి చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి, ఇన్‌స్పెక్టర్ సూప్‌లో బొద్దింక వెల్లకిలా తేలుతోంది.

ఆయన అరవలేదు. ముక్కు చిట్లించి, స్పూనుతో దాన్ని అటూ ఇటూ పొర్లించాడు. ఒక కాలు ఊడి క్యారెట్ ముక్కకు అంటుకుంది. మీసాలు మాత్రం నిక్కపొడుచుకునే ఉన్నాయి.

"ఛీ ఛీ!" ఎదురుగా కూర్చున్న భార్య రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "కడుపులో తిప్పేస్తోందండీ. నేనిక్కడ కూర్చోలేను. కాసేపు గాలికి తిరిగొస్తా."

"వెళ్ళు, వెళ్ళు. వీళ్ళ సంగతి నేను తేలుస్తా," అన్నాడాయన, జేబులోంచి చిన్న గాజు సీసా తీస్తూ.

ముప్ఫై ఒక్కేళ్ళు హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసి, పోయిన నెలే రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది కానీ సీసాలు పోలేదు. వడ్డించక ముందు ఒకసారి, వడ్డించాక ఒకసారి చేతులు కడగడమూ పోలేదు.

నాలుగు ద్వీపాలు చుట్టొచ్చే ఈ ఓడకు టికెట్లు కూతురు కొనిచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఓడెక్కడం ఇదే మొదలు. ఎక్కిన క్షణం నుంచీ ఆయనకు అన్నీ రోతే. మెట్ల కమ్మీ జిడ్డు. దిండుకు ఎవరిదో తల వాసన. ఈతకొలనులో జనం, నానబెట్టిన మురికి బట్టల్లా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్న పడవల్లో అందరినీ ద్వీపానికి తీసుకెళ్తారు. ఆ ముచ్చట మనకు లేదని మొదటి రోజు పొద్దున్నే తేల్చేశాడు.

"నలుగురి చెమట అంటిన బల్ల మీద కూర్చుని, నలుగురూ ఉమ్మిన ఇసుకలో నడవాలా? రెయిలింగ్ పట్టుకుని నిలబడితే కనిపిస్తుందిగా ద్వీపం!"

ఆవిడ తలూపింది. ఆయన మాటకు ఆవిడ ఎప్పుడూ తలే ఊపింది.

సీసాకు మూత బిగించి ఇన్‌స్పెక్టర్ వంటగదిలో దూరాడు. సింకు గొట్టంలో చెయ్యి పెట్టి కొవ్వు జిగురు తీశాడు. తడిగుడ్డలు వాసన చూశాడు. కత్తిపీటల సందులు పుల్లతో గోకాడు. పొద్దుగూకేదాకా బయటికి రాలేదు.

పెద్ద వంటవాడు వెంటే తిరిగాడు. లావుపాటి మనిషి. తల నున్నగా గుండు.

"ఇరవయ్యేళ్ళుగా ఇదే వంటగది సార్. బొద్దింకన్నది చూడలేదు."

"మరి నేను చూసిందేమిటయ్యా, ఎండుద్రాక్షా?"

రెండో ద్వీపం దగ్గర ఆగిన రోజు ఆమ్లెట్‌లో వెంట్రుక వచ్చింది. లాగితే లాగినంత వచ్చింది. చివర గుడ్డు సొన కారుతూ, ఇన్‌స్పెక్టర్ ముక్కు ముందు వేలాడింది. భార్య ఓకరిస్తూ లేచి వెళ్ళిపోయింది.

వంటవాడు టోపీ తీసి తల వంచి చూపించాడు. "నా దగ్గర వెంట్రుక ఎక్కడిది సార్?"

భోజనాల మేనేజర్ నవ్వాపుకోలేక దగ్గాడు.

"నీ నెత్తిన లేకపోతే నీ కింద పనిచేసేవాళ్ళ నెత్తిన ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పంతొమ్మిది మందినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కళ్ళ జుట్టూ కొలిచేసరికి మళ్ళీ సాయంత్రమైంది. గదికి తిరిగొస్తే భార్య మంచం మీద నిద్రపోతోంది. ఎండకు ముఖం కందిపోయి ఉంది.

మూడో రోజు పాయసంలో ఏదో పంటి కింద కరకరలాడింది. బాదంపప్పనుకుని రెండుసార్లు నమిలాడు. మూడోసారి అనుమానమొచ్చి అరచేతిలోకి ఉమ్మాడు.

కాలి గోరు. బొటనవేలిది. పసుపుపచ్చగా, పెంకులా మందంగా, అంచు కింద నల్లటి మట్టితో.

పదకొండుసార్లు పుక్కిలించాడు. ఆ తర్వాత దాన్ని పట్టకారుతో పట్టుకుని, వంటగది మధ్యలో నిలబడి గర్జించాడు.

"ఇది మనిషి గోరా, గేదె గిట్టా? ఈ కాలు గలవాడు పుట్టాక స్నానం చేసుండడు. వీణ్ణి కట్టుకున్న ఇల్లాలు ఎలా భరిస్తోందో!"

వంటవాడు బూట్లు విప్పాడు. మేజోళ్ళు విప్పాడు. పది గోళ్ళూ తీరుగా కత్తిరించి ఉన్నాయి. మేనేజర్ వాటిని చూడనే లేదు. ఈ పెద్దమనిషి పేపర్లకెక్కితే ఓడ ఖాళీ అవుతుందని అతని బెంగ.

"మీరు రిపోర్టు రాసివ్వండి సార్. రేపు నాలుగో ద్వీపంలో ఇతన్ని దించేస్తాం."

వంటవాడు ఇన్‌స్పెక్టర్‌కు అడ్డంగా వచ్చాడు. "మురికివాడని పేరొస్తే ఇంకే ఓడా ఎక్కనివ్వదు సార్. నాకు వంట తప్ప ఇంకో పని రాదు." అప్పుడే లోపలికొచ్చిన ఇన్‌స్పెక్టర్ భార్యను చూసి చేతులు జోడించాడు. "అమ్మా, మీరైనా చెప్పండమ్మా. నా చేతి కూడు ఏ రోజూ ఎవరికీ చెడు చెయ్యలేదు."

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మూడు సీసాలనూ బల్ల మీద పేర్చి, చీటీలు అంటించి, రెండు పేజీల రిపోర్టు రాశాడు. కింద సంతకం చేశాడు. సాక్షి సంతకం లేనిదే ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్క రిపోర్టూ ఆయన చెయ్యి దాటలేదు. మూడు పూటలూ ఆయన బల్ల దగ్గర ఉన్నది భార్య ఒక్కతే.

"నీ కళ్ళతో చూశావుగా. ఇక్కడ సంతకం పెట్టు," అని పెన్ను అందించాడు.

ఆవిడ పెన్ను తీసుకుంది. చల్లటి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడ్డ వంటవాడి వంక చూసింది. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"నేను సాక్షినెలా అవుతానండీ, మీరు ఈ వంటగదిలో పడితే తప్ప నేను పడవెక్కి ఒడ్డు చూడలేనని, మీరు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడల్లా వేసింది నేనే, బొద్దింక మన పెట్టెలో వచ్చిన మనింటిది, వెంట్రుక నాది, ఆ గోరు మీది."