ఓ తల్లి రాసిన మాట

పైవాటా ఆవిడ మందు డబ్బా తెచ్చి కిందివాటా ఆవిడ చేతిలో పెట్టేసింది.

"ఏమీ అనుకోకమ్మా. మా ఇంటికి చుట్టాలొస్తున్నారు. ఫ్రిజ్‌లో నిమ్మకాయ పెట్టే చోటు కూడా లేదు."

"పాప ఇన్సులిన్ కదా వదినగారూ. మా ఫ్రిజ్ చచ్చిపోయిందని తెలుసుగా."

"అది చచ్చి ఎన్నాళ్ళయింది! కొత్తది కొంటున్నారా, దానికి సంబంధం చూస్తున్నారా?"

నిజానికి సంబంధమే నయం. వీధిలో ఒకరిద్దరిని కదిలిస్తే పెళ్ళికొడుకు గుట్టంతా బయటపడుతుంది.

ఫ్రిజ్ సంగతి ఎవరినడిగినా తలో మాట. ఆడపడుచు "అదొద్దు, ఒకటే రొద" అంది. మరిది "అదే కొను వదినా, మా ఆఫీసులో అందరిదీ అదే" అన్నాడు.

ఫోన్లో చూస్తే అదింకో సంత. ఒకాయన "డబ్బా ఇంకా విప్పలేదు, చాలా బాగుంది" అని ఐదు చుక్కలూ వేశాడు. ఇంకొకాయన ఫ్రిజ్ ఊసెత్తకుండా తెచ్చినవాడి మర్యాదని పొగిడి ఊరుకున్నాడు.

కిందివాటా ఆవిడ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ వాక్యాలతోనే కాపురం. ఏది మనసులోంచి వచ్చిందో, ఏది పొట్టకోసం రాసిందో ఇట్టే పట్టేస్తానని ఆవిడ ధీమా.

మందు డబ్బాని ఐసుముక్కల మధ్య పెట్టి, మొగుణ్ణి వెంటేసుకుని ఆ పూటే షాపుకి బయల్దేరింది.

లోపల ఫ్రిజ్‌లు ఫోటోకి నిలబడ్డ చుట్టాల్లా బిగుసుకుని ఉన్నాయి. సేల్స్‌మాన్ ఒక్కో తలుపూ తీశాడు.

"ఇదే బెస్టు మేడం."

"ఇందాక దాన్నీ అదే అన్నావుగా?"

"అదీ బెస్టే మేడం."

మొగుడికి ఓపిక అడుగంటింది. "ఏదో ఒకటి తీసుకుని పోదాం పద. కాళ్ళు పీకేస్తున్నాయి."

"ఏదో ఒకటా? పిల్ల ప్రాణం దాని మీదుంటే!"

ఆవిడ ఫోన్లో షాపు వాళ్ళ పేజీ తెరిచి మళ్ళీ వెతుకుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఇది వినండి. 'మా పాపకి రోజూ ఇన్సులిన్. మాటిమాటికీ లేచి ఫ్రిజ్ తలుపు తీసి చూసుకునేదాన్ని. ఇది వచ్చాక పడుకుంటున్నాను.' ఓ తల్లి రాసింది."

ఫోను మొగుడి మొహం ముందు పెట్టింది.

"చూశారా? అద్భుతం, అమోఘం అనలేదు. పడుకుంటున్నానంది, అంతే. పడ్డవాళ్ళే రాయగలరు ఇలా."

"అది నమ్మకండమ్మా."

వెనక మేనేజరు గది బయట కుర్చీలో ఓ బక్కపల్చటి మనిషి. ఒళ్ళో సంచి, మాసిన గడ్డం.

"ఏమిటండీ?"

"ఆ మోడలు వద్దు. చాలామంది వాపసు తెచ్చారు. లోపల పెట్టినవి గడ్డకట్టేస్తున్నాయట."

"ఎవరు చెప్పారు మీకు?"

ఆయన మేనేజరు గది తలుపు వంక చూశాడు. "ఎవరైతేనేం లెండి. ఆవిడ రాసింది మాత్రం పట్టుకోకండి."

"ఎదురు షాపువాళ్ళు పంపారా?" అన్నాడు మొగుడు.

"అబ్బే, లేదండీ."

"ఆ రాసినావిడ మీకు తెలుసా?" ఆవిడకి ఒళ్ళు మండింది.

ఆయన ఒళ్ళో సంచి సర్దుకున్నాడు.

"ఓ తల్లి ఏడుపు మీకు అబద్ధంలా కనపడుతోందా? పిల్ల చేతికి రోజూ సూది గుచ్చితే తెలుస్తుంది! తల్లి కష్టం మీకేం తెలుసు?"

ఆయన తల దించుకున్నాడు. "నిజమేనమ్మా. నాకు తెలీదు."

సేల్స్‌మాన్ ఉరుక్కుంటూ వచ్చి జబ్బ పట్టుకుని ఆయన్ని బయటికి నడిపించాడు. గుమ్మం దాటుతూ కూడా వెనక్కి తిరిగి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడాయన.

"పిచ్చిమాలోకం," అన్నాడు మొగుడు.

ఆ ఫ్రిజ్జే ఇంటికొచ్చింది. ఆవిడ కూడా నిశ్చింతగా పడుకుంది.

రాత్రి గడ్డకట్టిన మందు, పగలు తలుపు తీస్తూ వేస్తూ ఉంటే కరిగిపోయేది. చూడ్డానికి ఎప్పటిలాగే తేటగా ఉండేది. సూది వేస్తూనే ఉంది, పాపకి షుగరు పెరుగుతూనే ఉంది. చివరికి ఓ రోజు బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది.

"గడ్డకట్టిన మందుకి సత్తువ ఉండదమ్మా. ఇన్నాళ్ళూ నీళ్ళు ఎక్కించినట్టే," అన్నాడు డాక్టరు.

పాప తేరుకుని ఇంటికొచ్చింది. ఆవిడ షాపుకి వెళ్ళింది.

ఆవిణ్ణి చూడగానే సేల్స్‌మాన్ ఓ ఫ్రిజ్ చాటుకి జరగబోయాడు.

"ఎక్కడికయ్యా? తిట్టనులే, తిట్టే ఓపిక కూడా లేదు. మీ మేనేజరుతో సంగతి తర్వాత తేల్చుకుంటా. ముందు ఆవిడ నంబరు ఇప్పించు."

"ఏ ఆవిడ మేడం?"

"అదే, ఫ్రిజ్ వచ్చాక పడుకుంటున్నానని రాసిందే, ఆ పాప తల్లి! వాళ్ళ మందూ ఇలాగే పాడైపోతూ ఉంటుంది. హాయిగా పడుకుని ఉంటుంది పిచ్చిది. ఎవరో ఒకరు లేపి చెప్పాలి కదా!"

సేల్స్‌మాన్ దగ్గరికి జరిగాడు. మేనేజరు గది వంక చూసి గొంతు తగ్గించాడు.

"ఆ పాప లేదు మేడం."

"అయ్యో భగవంతుడా! ఎప్పుడు?"

"అలా కాదు మేడం. అసలు పాపే లేదు. అలాంటివి మేమే రాయించి పెడతాం."

ఆవిడ మేనేజరు గది బయటున్న కుర్చీలో కూలబడింది.

"రాసినాయన, ఇక రాయను, దాన్ని తీసెయ్యండి అని మా సారుని బతిమాలడానికి వచ్చాడు. ఆ రోజే మీరూ వచ్చారు."

"ఏ రోజు? ఎవరాయన?"

సేల్స్‌మాన్ ఆవిడ కళ్ళలోకి చూడలేక నేల చూశాడు.

"ఇదే కుర్చీలో కూర్చుని మిమ్మల్ని వద్దమ్మా అన్నాడే, మీరు కసిరి పంపించేశారు... ఆ తల్లి ఆయనే మేడం."