పెంచిన బండి

"బండికి పవర్ పెంచుతావా, పెంచవా? ఒక్క మాట చెప్పు బావా. నువ్వు కాదంటే హైదరాబాద్‌లో చేసేవాళ్లు బోలెడుమంది ఉండారు."

పవన్ కారు బానెట్ ఎత్తిపెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద మాల్యాద్రికి కార్ల షెడ్డు ఉంది. ఎంత మొండి గిరాకీనైనా నాలుగు మాటల్లో తిప్పి పంపగలడు. కానీ ఇప్పుడు ఎదురుగా ఉన్నది పెళ్లాం తమ్ముడాయె.

"ఇంజన్‌లోకి గాలి నెట్టే ఆ టర్బోకు కంపెనీవాడు ఒక లెక్క పెట్టినాడురా. అది పెంచితే గాలీ డీజిలూ ఎక్కువ పోతాయి, బండి ఎగురుతాది, నిజమే. లోపలుండేవి ఆ పాత పిస్టన్లే కదా? వేడికి కరిగిపోతాయి. పప్పు తొందరగా ఉడకాలని కుక్కర్ విజిల్ మీద రాయి పెడితే ఎట్ల?"

"సైలెన్సర్ మార్చినా, ఫిల్టర్ మార్చినా. ఏమన్నా అయిందా?"

"అవి పైపై సోకులు. ఇది ఇంజన్ ప్రాణంతో ఆట. దిగువమెట్ట ఘాట్ ఎక్కుతాంటే లోపల రాడ్డు విరిగి బండి ఆగిపోయిందనుకో, వెనకాల లారీ వస్తాంటే ఏం జేస్తావు?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మొన్న అదే ఘాట్‌లో కనిగిరి కుర్రాడెవడో తన బండితో పవన్‌ను దాటి, అద్దం దించి మరీ నవ్విపోయాడట. అప్పటినుంచి పవన్‌కు తిండి సయించడం లేదు. ఆ నవ్వును తిరిగి ఇచ్చేదాకా సయించేలా కూడా లేదు.

షెడ్డు వెనకే ఇల్లు. టీ గ్లాసులతో వచ్చిన యామిని, తమ్ముడి ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. "ఒకసారి లోపలికి రాయ్యా" అని మొగుణ్ణి పిలిచింది.

"నువ్వు కాదంటే వాడు హైదరాబాద్ పోతాడు. వాళ్లు మన పిల్లోడి ప్రాణాలు చూస్తారా? పెంచినానని చెప్పు. పెంచొద్దు."

"కనిపెట్టడా?"

"ఇన్నేండ్ల పనితనం ఏమైంది? ఆ మాత్రం మాయ చెయ్యలేవా?"

మాల్యాద్రి నవ్వాడు. ల్యాప్‌టాప్ తెచ్చి కారుకు తగిలించి, తెర మీద గీతలను చాలాసేపు పైకీ కిందికీ జరిపాడు. టర్బో జోలికి మాత్రం పోలేదు. యాక్సిలరేటర్ ఒక్కటే సవరించాడు. కాలు ఆనిస్తే చాలు, బండి చెంగున దూకుతుంది. అడుగంటా తొక్కితే మాత్రం అది మళ్లీ పాత బండే.

పవన్ తర్లుపాడు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చి, దిగీ దిగకముందే బావను వాటేసుకున్నాడు.

"రాకెట్ బావా! ఇది బండి కాదు, రాకెట్!"

"జాగ్రత్త నాయనా, ఊరికే తొక్కబాకు" అన్నాడు మాల్యాద్రి, ముఖం గంభీరంగా పెట్టి. గుమ్మంలో యామిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. పాము చావలేదు, కర్ర విరగలేదు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇక్కడ బావే బావమరిది బతుకు కోరాడు. ఆ పూట మాల్యాద్రి కడుపునిండా తిన్నాడు.

వారం తిరక్కముందే ఫోను వచ్చింది. దిగువమెట్ట ఘాట్‌లో పవన్ కారు బస్సును గుద్దింది.

గిద్దలూరు ఆసుపత్రిలో మార్చురీ ముందు మామ మాలకొండయ్య నేల మీద కూలబడి ఉన్నాడు. కొనకనమిట్లలో వానను నమ్ముకుని సేద్యం చేసిన మనిషి, ఎన్ని కరువులొచ్చినా కంట నీరు పెట్టనివాడు. అల్లుణ్ణి చూడగానే లేచి చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వే చంపినావు నా కొడుకును! బండికి పవర్ పెంచినావంట కదా! మా బావ పెంచినాడు, మా బావ పెంచినాడని ఊరంతా చెప్పుకుని తిరిగినాడు. ఆ పొద్దు నువ్వు కాదనింటే బతికుండేవాడు కదరా!"

చుట్టాలందరూ మాల్యాద్రిని హంతకుణ్ణి చూసినట్టు చూశారు. తన చేతుల్లో పెరిగిన పిల్లవాడు లోపల బల్ల మీద ఉన్నాడన్న ఏడుపు ఒకవైపు. అయినా మనసులో ఒక మూల, సిగ్గులేని ధైర్యం. ఈ చావులో తన చెయ్యి లేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇది చోటు కాదని తెలుసు. చెప్పుకోకపోతే బతికినన్నాళ్లూ మొయ్యాలి.

యామినే ముందు నోరు తెరిచింది. "ఆయన్ని అనొద్దు నాయనా. ఆయన పెంచలేదు. పెంచినట్టు నటించినాడు, అంతే. నేనే చెప్పినా, వాడు చల్లంగుండాలని."

"అవును మామా. టర్బోను ముట్టుకోలేదు. కంపెనీవాడు ఇచ్చిన పవర్ ఎంతో ఈ పొద్దుకూ అంతే. అమ్మతోడు."

మాలకొండయ్య పట్టు సడలింది. అల్లుడి భుజం మీద తల వాల్చి భోరుమన్నాడు.

"తప్పు మాటన్నాను అల్లుడా. వాడి రాత అట్లుంటే నువ్వేం జేస్తావు."

చుట్టాల చూపులు మెత్తబడ్డాయి. ఎవరో మాల్యాద్రికి మంచినీళ్ల సీసా అందించారు. ఇంత దుఃఖంలోనూ గుండె మీది బండ దిగినట్టయి, అతను గటగటా తాగాడు.

గోడవారన, తలకూ చేతికీ కట్లతో రాజేష్ కూర్చుని ఉన్నాడు. పవన్ స్నేహితుడు. కారులో పక్క సీట్లో ఉండి బతికి బయటపడినవాడు. అంతవరకూ నేలనే చూస్తున్నవాడు మెల్లగా తలెత్తాడు.

"పెంచలేదా అన్నా?" అన్నాడు. "ఎదురుగా బస్సొస్తాంది, లారీని దాటొద్దురా, బండి అందుకోదు అని మొత్తుకున్నా. 'పాత బండయితే నేనూ దాటనురా, బావ పెంచినాడు గదా' అని నవ్వి, అడుగంటా తొక్కినాడు."